ఆరడుగుల నేల

తథాగతుని ధాతువుల కోసం రాజులు యుద్ధానికి సిద్ధపడిన వేళ, ద్రోణుడనే బ్రాహ్మణుడు వాటిని ఎనిమిది సమభాగాలు చేసి రక్తపాతాన్ని నివారించాడని మహాపరినిబ్బాన సుత్తం చెబుతుంది. ఆనాటి కలహం భౌతికావశేషాలు మాకు కావాలని. మన పొరుగునున్న బస్తర్‌లో 2025లో రేగిన కలహం మాకు వద్దని.

ఛింద్‌వాడా గ్రామంలో మహరా కులానికి చెందిన క్రైస్తవ మతబోధకుడొకరు జనవరి 7న మరణించారు. తమ పెద్దలను పాతిపెట్టిన ఊరి శ్మశానంలోనే ఆయనకూ చోటివ్వమని కుమారుడు కోరాడు. అది హిందూ గిరిజనులదని, క్రైస్తవ శ్మశానం కర్కాపాల్‌లో ఉన్నదని ప్రభుత్వం వాదించింది. జనవరి 27న సుప్రీంకోర్టు న్యాయమూర్తులూ ఏకాభిప్రాయానికి రాలేకపోయారు. సొంత పొలంలో ఖననం చేయనివ్వాలని జస్టిస్ బి.వి. నాగరత్న, కర్కాపాల్‌లోనే చేయాలని జస్టిస్ సతీశ్ చంద్ర శర్మ తీర్పు చెప్పారు. దేహం అప్పటికి 20 రోజులుగా శవాగారంలోనే ఉన్నందున, విస్తృత ధర్మాసనానికి నివేదించక, కర్కాపాల్‌లో ఖననానికి ఇద్దరూ కలిసి ఆదేశించారు.

మతం మారినవానికి పుట్టిన ఊరిలో ఆరడుగుల నేల దక్కుతుందా అన్నది క్రైస్తవుల ప్రశ్న మాత్రమే కాదు. 1956లో నాగపూర్‌లో బాబాసాహెబ్ చూపిన దారిన నడుస్తున్న మనకూ అది రేపు ఎదురు కావచ్చు. శాంతిభద్రతల పేరిట ఎప్పుడూ తగ్గవలసింది తక్కువ మందేనా? ద్రోణుడు ఎవరి సైన్యం ఎంతని లెక్కించలేదు. ఒకే పాత్రతో అందరికీ కొలిచాడు. ఊరి నేలను కొలిచే వేళ మనం అడగవలసింది ఆ కొలపాత్రనే.