గేటు దాటి జనంలోకి వచ్చిన షార్

సూళ్లూరుపేట: పులికాట్ సరస్సుకు, బంగాళాఖాతానికి నడుమనున్న శ్రీహరికోట దీవి నుంచి తొలి రాకెట్ 1971 అక్టోబరు 9న నింగికెగసింది. అది రోహిణి-125 అనే చిన్న పరిశోధక రాకెట్. నాటి నుంచి దశాబ్దాలపాటు సామాన్యులకు ప్రయోగమంటే దూరాన కనిపించే నిప్పు, పొగచార మాత్రమే. భద్రత దృష్ట్యా ప్రయోగ కేంద్రం గేటు లోపలికి అనుమతి ఉండేది కాదు. 2002లో సతీష్ ధవన్ అంతరిక్ష కేంద్రంగా పేరు మారినా జిల్లా వాసులకు అది నేటికీ ‘షార్’.

ఈ దూరాన్ని తగ్గించిన ఏర్పాటు ప్రయోగ వీక్షణ గ్యాలరీ. ఐదు వేల మంది కూర్చునే ఈ గ్యాలరీ నుంచి 2019 ఏప్రిల్ 1న పీఎస్‌ఎల్‌వీ-సీ45 ప్రయోగాన్ని ప్రజలు తొలిసారి తిలకించారు. రాకెట్ల గురించి వివరించే భారీ తెరలు, చెంతనే అంతరిక్ష ప్రదర్శనశాల ఉన్నాయి. ముందుగా వెలుగు కనిపించి, గర్జన ఆలస్యంగా వినిపించడం సందర్శకులను ఆశ్చర్యపరుస్తుంది. ధ్వని కిలోమీటరు ప్రయాణించడానికి సుమారు మూడు సెకన్లు పడుతుంది. పాఠ్యపుస్తకంలోని ఆ లెక్క ఇక్కడ చెవికి వినిపిస్తుంది.

అయితే విజ్ఞాన ప్రచారానికి అసలు పరీక్ష విజయోత్సవం నాడు కాదు, ప్రయోగం ఆగిన నాడు. 2019 జులై 15 వేకువజామున చంద్రయాన్-2ను చూసేందుకు వేలాది మంది గ్యాలరీకి చేరుకోగా, ప్రయోగానికి 56 నిమిషాల 24 సెకన్ల ముందు గడియారం నిలిచిపోయింది. సాంకేతిక లోపాన్ని సరిదిద్ది అదే నెల 22న ప్రయోగించారు. ఆగడం కూడా శాస్త్రంలో భాగమేనని నిద్రకాచి వచ్చిన వారికి చెప్పడం తేలిక కాదు.

అంతకంటే కఠినమైన ఉదాహరణ 2022 ఆగస్టు 7 నాటిది. దేశవ్యాప్తంగా ప్రభుత్వ పాఠశాలలకు చెందిన 750 మంది బాలికలు పాలుపంచుకున్న ఆజాదీశాట్‌ను ఎస్‌ఎస్‌ఎల్‌వీ-డీ1 మోసుకెళ్లింది. 356 కిలోమీటర్ల వృత్తాకార కక్ష్యకు బదులు, ఒక కొస భూమికి 76 కిలోమీటర్ల దగ్గరకు వచ్చే కక్ష్యలోకి ఉపగ్రహాలు చేరి పనికిరాకుండా పోయాయి. రెండో దశ విడిపోయేటప్పుడు పుట్టిన క్షణకాలపు ప్రకంపనల వల్ల సెన్సర్లు చెడిపోయాయని కంప్యూటర్ పొరబడిందని ఇస్రో తరువాత బహిరంగంగా వివరించింది. 2023 ఫిబ్రవరి 10న ఎస్‌ఎస్‌ఎల్‌వీ-డీ2 ఆజాదీశాట్-2ను విజయవంతంగా కక్ష్యలో నిలిపింది. లోపం ఎక్కడ జరిగిందో చెప్పిన ఆ వివరణ విద్యార్థులకు వంద పోస్టర్ల కంటే ఎక్కువ నేర్పుతుంది. ప్రదర్శనల్లో ఇటువంటి అంశాలకు మరింత చోటు దక్కాలి.

ఏటా అక్టోబరు 4 నుంచి 10 వరకు ప్రపంచ అంతరిక్ష వారోత్సవాలు జరుగుతాయి. మొదటి తేదీ 1957లో స్పుత్నిక్ ప్రయోగానికి, చివరిది 1967లో అంతరిక్ష ఒప్పందం అమల్లోకి వచ్చిన రోజుకు గుర్తు. ఈ సందర్భంగా షార్ శాస్త్రవేత్తలు రాష్ట్రంలోని పలు పట్టణాలకు నమూనాలతో వెళ్లి ప్రదర్శనలు, వ్యాసరచన, క్విజ్ పోటీలు నిర్వహిస్తారు. గేటు దాకా రాలేని మారుమూల పాఠశాలలకు ఇదే ఎక్కువ మేలు. తొమ్మిదో తరగతి విద్యార్థుల కోసం 2019లో ఇస్రో ప్రారంభించిన ‘యువిక’ శిక్షణ కేంద్రాల్లో అనంతరం షార్ కూడా చేరింది.

గ్యాలరీలో ప్రవేశం ఉచితం. ప్రయోగ తేదీ ఖరారయ్యాక ఇస్రో వెబ్‌సైట్‌లో ముందుగా పేరు నమోదు చేసుకోవాలి, గుర్తింపు కార్డు వెంట ఉండాలి. సీట్లు త్వరగా నిండిపోతాయి. చెన్నై-గూడూరు మార్గంలోని సూళ్లూరుపేట రైల్వేస్టేషన్‌లో దిగి, పులికాట్ మీదుగా రోడ్డు మార్గంలో చేరుకోవచ్చు. ప్రయోగం వాయిదా పడే అవకాశం ఎప్పుడూ ఉంటుంది కనుక దూరప్రాంతాల వారు బయలుదేరే ముందు తేదీని మరోసారి సరిచూసుకోవాలి.