నర్స్ ప్రాక్టీషనర్ రెసిడెన్సీ: డిగ్రీ వచ్చాక మళ్లీ ఏడాది ట్రైనింగ్.. తప్పనిసరి కాదు, అయినా ఎందుకు చేస్తున్నారంటే?

అమెరికాలో నర్స్ ప్రాక్టీషనర్లు రోగిని పరీక్షిస్తారు. జబ్బేంటో నిర్ధారిస్తారు. మందులు కూడా రాస్తారు. సగానికి పైగా రాష్ట్రాల్లో వీళ్లు డాక్టర్ పర్యవేక్షణ లేకుండానే ప్రాక్టీస్ చేయొచ్చు. కొన్నిచోట్ల మాత్రం మొదట కొంతకాలం పర్యవేక్షణలో పనిచేయాలనే షరతు ఉంది. మరి ఇంత బాధ్యత మోయడానికి కాలేజీలో నేర్చుకున్నది సరిపోతుందా? రెసిడెన్సీ ప్రోగ్రామ్‌లు పుట్టింది ఈ ప్రశ్న నుంచే.

అసలు సమస్య ఎక్కడ?

2022లో వచ్చిన జాతీయ ప్రమాణాల ప్రకారం కోర్సులో కనీసం 750 గంటలు నేరుగా రోగులతో పనిచేయాలి. అంతకుముందు 500 గంటలే ఉండేది. 750 గంటలంటే రోజుకు 8 గంటల లెక్కన దాదాపు 94 రోజులు. అదే ఫ్యామిలీ మెడిసిన్ డాక్టర్ అయితే ఎండీ తర్వాత 3 ఏళ్ల రెసిడెన్సీ చేయాల్సిందే. నర్స్ ప్రాక్టీషనర్‌కు అలాంటి రూల్ లేదు. నేషనల్ సర్టిఫికేషన్ పరీక్ష పాసై, రాష్ట్ర లైసెన్స్ తెచ్చుకుంటే వెంటనే ఉద్యోగంలో చేరిపోవచ్చు. దాంతో షుగర్, బీపీ, డిప్రెషన్ అన్నీ ఒకేసారి ఉన్న రోగిని తొలి వారంలోనే ఒంటరిగా చూడాల్సి రావచ్చు. ఒత్తిడి తట్టుకోలేక కొత్తవాళ్లు ఉద్యోగం వదిలేస్తే నష్టం క్లినిక్‌కి, రోగులకు కూడా.

ఎప్పుడు మొదలైంది?

నర్స్ ప్రాక్టీషనర్ విధానానికి 1965లో కొలరాడో యూనివర్సిటీలో బీజం పడింది. నర్సు లొరెట్టా ఫోర్డ్, పిల్లల డాక్టర్ హెన్రీ సిల్వర్ దీన్ని ప్రారంభించారు. డిగ్రీ తర్వాతి రెసిడెన్సీకి మాత్రం 2007 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఏడాది కనెక్టికట్ రాష్ట్రంలోని కమ్యూనిటీ హెల్త్ సెంటర్ తొలి ప్రోగ్రామ్ మొదలుపెట్టింది. దీని వెనకున్నది మార్గరెట్ ఫ్లింటర్. ఆమె కూడా నర్స్ ప్రాక్టీషనరే.

ఏడాదిలో ఏం చేస్తారు?

ఎక్కువ ప్రోగ్రామ్‌లు 12 నెలలు ఉంటాయి. రోగిని రెసిడెంటే చూస్తారు. డౌట్ వస్తే అడగడానికి పక్కనే సీనియర్ ఉంటారు. మొదట్లో రోజుకు కొద్దిమంది రోగులే.. నెలలు గడిచేకొద్దీ సంఖ్య పెరుగుతుంది. మధ్యలో చర్మవ్యాధులు, మానసిక ఆరోగ్యం, మహిళల ఆరోగ్యం లాంటి విభాగాల్లో రొటేషన్లు, వారంవారం క్లాసులు ఉంటాయి.

జీతం వస్తుందా?

వస్తుంది. కాకపోతే నేరుగా ఉద్యోగంలో చేరినవాళ్ల కంటే సాధారణంగా తక్కువే. ఎడ్యుకేషన్ లోన్ ఉన్నవాళ్లు ఈ లెక్క ముందే వేసుకోవాలి.

చేరే ముందు ఇవి చూసుకోండి

* అక్రెడిటేషన్ ఉందా? ఏఎన్‌సీసీ, సీసీఎన్‌ఈ లాంటి సంస్థలు ఈ గుర్తింపు ఇస్తాయి.
* రోజుకు ఎంతమంది రోగులు? సీనియర్‌కు ఆ టైమ్‌లో వేరే డ్యూటీ ఉందా? ఉంటే, పేరుకే రెసిడెన్సీ.. తక్కువ జీతానికి ఫుల్ టైమ్ పని చేయించుకున్నట్టే.
* పూర్తయ్యాక అక్కడే పనిచేయాలనే బాండ్ ఉందా? మధ్యలో మానేస్తే డబ్బు కట్టాలా?

మన దగ్గర 'రెసిడెన్సీ' వేరు

ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ తెచ్చిన 'నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ క్రిటికల్ కేర్' కోర్సును కూడా రెసిడెన్సీ ప్రోగ్రామ్ అనే అంటారు. కానీ ఇక్కడ ఆ రెండేళ్ల రెసిడెన్సీయే పీజీ డిగ్రీ. బీఎస్సీ నర్సింగ్ తర్వాత కనీసం ఏడాది అనుభవం ఉండాలి. అమెరికాలో మాత్రం డిగ్రీ అయ్యాక చేసేదే రెసిడెన్సీ.

అందుకే అమెరికా వెళ్లాలనుకునే తెలుగు నర్సులు పేరు చూసి పొరబడొద్దు. ఇక్కడి డిగ్రీతో నేరుగా అక్కడ నర్స్ ప్రాక్టీషనర్ కాలేరు. ముందు ఎన్‌క్లెక్స్ పాసై రిజిస్టర్డ్ నర్సు లైసెన్స్ తెచ్చుకోవాలి. తర్వాత అక్కడి గుర్తింపు ఉన్న కోర్సు, సర్టిఫికేషన్ పరీక్ష, రాష్ట్ర లైసెన్స్.. ఆ తర్వాతే రెసిడెన్సీ మాట.