ఆమ్లజని మాపకమును ఎప్పుడు మార్చవలెను?

యంత్రములోని ఒక భాగమును ఎప్పుడు మార్చవలెనను ప్రశ్నకు మూడు సమాధానములు కలవు. పాడైన పిదప మార్చుట మొదటిది. ఇంత కాలమునకో, ఇంత దూరమునకో అని గడువు పెట్టి మార్చుట రెండవది. పరీక్షించి, ఫలితమును బట్టి నిర్ణయించుట మూడవది. మోటారు కారు పొగగొట్టములో నుండు ఆక్సిజన్ సెన్సరు, అనగా ఆమ్లజని మాపకము, విషయములో ఈ సమాధానము ఎట్లు మారుచు వచ్చినదో చూతము.

దీపమునుండి మాపకము వరకు

ఈ కథ కారుతో గాక దీపముతో ఆరంభమైనది. 19వ శతాబ్ది చివర జర్మనీలోని గోటింగెన్‌లో వాల్టర్ నెర్న్‌స్ట్ అను శాస్త్రజ్ఞుడు జిర్కోనియాలో కొంత ఇట్రియాను కలిపి సన్నని కడ్డీలు చేయించెను. అవి చల్లగా నున్నప్పుడు విద్యుత్తును పోనీయవు. బాగుగా వేడెక్కినచో పోనిచ్చి తెల్లని కాంతి నిచ్చును. ఇదియే నెర్న్‌స్ట్ దీపము. ఈ ఘనపదార్థములో విద్యుత్తును మోయునవి ఆమ్లజని అయానులు. స్ఫటికములో ఆమ్లజని ఉండవలసిన స్థానములు కొన్ని ఖాళీగా నుండుటచే, అయానులు ఒక ఖాళీనుండి మరియొక ఖాళీకి జరుగుచుండునని 1943లో కార్ల్ వాగ్నర్ వివరించెను.

ఇట్టి జిర్కోనియా గోడకు ఒకవైపు గాలియు, రెండవవైపు ఇంజను పొగయు నున్నవనుకొందము. గాలిలో ఆమ్లజని సుమారు 21 శాతము. పొగలో బహు స్వల్పము. గోడకు ఇరువైపుల పూసిన ప్లాటినము పొరల నడుమ ఈ తేడాను బట్టి వోల్టేజి పుట్టును. ఎంత తేడాకు ఎంత వోల్టేజి అనునది 1889 నాటి నెర్న్‌స్ట్ సమీకరణమే చెప్పును.

కారులోనికి వచ్చిన విధము

1943లో అమెరికాలోని లాస్ ఏంజెలెస్ నగరమును కండ్లు మండించు పొగమంచు కమ్మెను. కార్లనుండి వెలువడు హైడ్రోకార్బనులు, నత్రజని ఆక్సైడులు ఎండలో కలిసి ఓజోనును పుట్టించుటయే దీనికి కారణమని 1950 దశాబ్దిలో హాగెన్-స్మిట్ నిరూపించెను. 1970లో అమెరికా ప్రభుత్వము కార్ల పొగపై కఠినమైన చట్టము చేసెను. 1975 నుండి అక్కడి క్రొత్త కార్లకు ఉత్ప్రేరక పెట్టెలు అమర్చబడెను.

అయితే కార్బన్ మోనాక్సైడు, హైడ్రోకార్బనులు, నత్రజని ఆక్సైడులు, ఈ మూడింటిని ఒకే పెట్టె శుద్ధి చేయవలెనన్న, కిలో పెట్రోలునకు సుమారు 14.7 కిలోల గాలి చొప్పున మిశ్రమము కుదరవలెను. ఆ పాళమును కేవలము అంచనాతో నిలుపుట అసాధ్యము. పులుసు రుచి చూచి ఉప్పు సరిచేయు వంటవానివలె, పొగను చూచి పెట్రోలును సరిచేయు సాధనము కావలసివచ్చెను. బాష్ సంస్థ తయారుచేసిన మాపకమును వోల్వో సంస్థ 1977 మోడలు కార్లలో అమర్చి కాలిఫోర్నియాలో విక్రయించెను. మిశ్రమము చిక్కనైనచో మాపకము సుమారు 0.9 వోల్టు, పలుచనైనచో సుమారు 0.1 వోల్టు చూపును. దానిని బట్టి ఇంజను పెట్రోలును తగ్గించుచు పెంచుచు నుండును.

గడువుల కాలము

మొదటి మాపకములు పొగ వేడిమిచేతనే వేడెక్కవలసి యుండెను. 300 డిగ్రీల సెంటిగ్రేడు దాటిన గాని అవి సరిగా పనిచేయవు. సీసము కలిసిన పెట్రోలు, ఇంజనులో కాలిన నూనె, సిలికోను జిగురు, మసి, ఇవి దానికి శత్రువులు. అందుచే సుమారు 50,000 నుండి 80,000 కిలోమీటర్లకు మార్చుడని నిర్ణయించిరి. కొన్ని వోల్వో కార్లలో నిర్ణీత దూరము నడువగానే జ్ఞాపకము చేయు దీపము వెలిగెడిది. ఆ దీపమునకు దూరము తెలియును గాని, మాపకము స్థితి తెలియదు! 1982లో లోపల హీటరు గల మాపకము వచ్చిన పిదప గడువు సుమారు లక్ష కిలోమీటర్లకు, తరువాత కొన్నిటికి 1,60,000 కిలోమీటర్లకు పెరిగెను.

గడువు ఒక సగటు మాత్రమే. నూనె త్రాగు ఇంజనులోని మాపకము సగము దూరములోనే చెడవచ్చును. ఆరోగ్యమైన ఇంజనులోనిది గడువు దాటియు చక్కగా పనిచేయవచ్చును. ముందే మార్చినచో డబ్బు వృథా. ఆలస్యము చేసినచో పెట్రోలు ఎక్కువ కాలుటయే గాక, కాలని పెట్రోలు ఉత్ప్రేరక పెట్టెను మితిమీరి వేడెక్కించి చెరచును. ప్లాటినము, పల్లాడియము, రోడియము గల ఆ పెట్టె వెల మాపకము వెలకంటె చాల ఎక్కువ.

సాక్ష్యముల కాలము

1996 నుండి అమెరికాలోని క్రొత్త కార్లన్నిటిలో ఇంజను తన్ను తానే పరీక్షించుకొను ఏర్పాటు తప్పనిసరి అయ్యెను. ఉత్ప్రేరక పెట్టెకు ముందొకటి, వెనుకొకటి మాపకములు వచ్చెను. ముందున్నది చిక్కని, పలుచని స్థితుల నడుమ త్వరత్వరగా ఊగవలెను. అది మందగించుటయే ముసలితనమునకు గుర్తు. వెనుకనున్నది నిలకడగా నుండవలెను.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరము. వెనుక మాపకము కూడ ముందుదానివలె ఊగుచున్నచో, తరచు దోషము మాపకములో గాక ఉత్ప్రేరకములో నుండును. అట్లే పొగగొట్టములో రంధ్రము పడి బయటి గాలి చొరబడినచో, మంచి మాపకము కూడ మిశ్రమము పలుచనైనదని చెప్పును. అది చూచినది చూచినట్లు చెప్పుచున్నది; దానిని మార్చిన ప్రయోజనమేమి? కనుక హెచ్చరిక దీపము వెలిగినంతనే మాపకమును ఊడదీయరాదు. మొదట తీగలను, హీటరును, గొట్టమును పరీక్షించి, పిదప దాని స్పందన వేగమును చూడవలెను. అది మందగించినచో, హీటరు చెడినచో మార్చవలెను.

మన దేశములో 1995 ఏప్రిల్ నుండి నాలుగు మహానగరములలోని క్రొత్త పెట్రోలు కార్లకు ఉత్ప్రేరక పెట్టెలు తప్పనిసరి అయ్యెను. 2000 నాటికి సీసపు పెట్రోలు దేశమంతట నిలిచిపోయెను. 2010లో భారత్ స్టేజి 4 ప్రమాణము హైదరాబాదుతో సహా 13 నగరములలోను, 2020లో భారత్ స్టేజి 6 దేశమంతటను అమలులోనికి వచ్చెను. దీనితో ఇట్టి మాపకములు మోటారు సైకిళ్లలో సైతము విరివిగా కనిపించుచున్నవి.

ఉపాధ్యాయులు ఈ కథనుండి విద్యార్థులకు చెప్పదగిన నీతి ఒకటి కలదు. కొలుచు పరికరమును కూడ కొలిచి చూడవలెను. కొలత మనకు నచ్చలేదని పరికరమును నిందింపరాదు. పరికరము క్రొత్తదని దానిని గ్రుడ్డిగా నమ్మరాదు.