నిట్టాడు మీద నిలిచిన ఇల్లు



చరిత్ర అంటే కోటలే అనుకుంటాం. ఆదిలాబాద్ గోండు గూడేల్లో మన తాతల ఇళ్లూ చరిత్రే. మట్టి ఇల్లు అంటారు గానీ బరువంతా మోసేది కర్రే. నిట్టాళ్ల మీద వెన్నుగాడి, గుంజల మీద దూలాలు, ఆపైన వాసాలు, గడ్డి కప్పు. గోడ అంటే వెదురు తడికకు మట్టి, పేడ పూత. అది కప్పును మొయ్యదు. అందుకే గోడ పాడైతే తడిక మార్చుకునేవాళ్లం, ఇల్లు కూలేది కాదు. కుటుంబం పెరిగితే ఇంకో వరస గుంజలు పాతి వసారా దించేవాళ్లం. ఊరు మారితే మంచి కర్రను విప్పి వెంట తీసుకుపోయేవాళ్లం.

నిజాం కాలంలో అడవిని రిజర్వు చేశాక ఊళ్లు మారడం తగ్గింది, టేకు మీద ఆంక్షలు వచ్చాయి. 1940లో కుమ్రం భీం జోడేఘాట్‌లో ప్రాణమిచ్చింది జల్, జంగల్, జమీన్ కోసం. ఆ జంగల్‌లో మన ఇంటి దూలం కూడా ఉంది.

తర్వాత గడ్డి పోయి పెంకులొచ్చాయి. పెంకు బరువుకు గట్టి వాసాలు, ఎక్కువ కర్ర కావాలి. అదే దొరకడం కష్టం. ఆపైన రేకులు, ఇప్పుడు సర్కారు స్లాబులు.

2006 అటవీ హక్కుల చట్టం చిన్న తరహా అటవీ ఉత్పత్తుల్లో వెదురును చేర్చింది, కలపను చేర్చలేదు. అంటే తడికకు హక్కు దొరికింది, నిట్టాడుకు దొరకలేదు.

స్లాబు వద్దని మనం అనడం లేదు. పాత ఇల్లు విప్పేముందు కొలతలు, ఏ కర్ర ఎక్కడ వాడారో, ఒక్కోదాన్ని గోండిలో ఏమంటారో పెద్దలను అడిగి రాసుకుందాం. విప్పాక అడగడానికి ఇల్లు ఉండదు.