అలెఖిన్ హోమ్‌వర్క్

1927 సెప్టెంబర్‌లో, బ్యూనస్ ఎయిర్స్‌లో ప్రపంచ చదరంగ ఛాంపియన్‌షిప్ మొదలయ్యేనాటికి లెక్క ఇదీ: ఛాంపియన్ కాపబ్లాంకాతో అలెఖిన్ అప్పటిదాకా 12 ఆటలు ఆడాడు. 5 ఓడిపోయాడు, 7 డ్రా. గెలిచింది ఒక్కటీ లేదు. అదే ఏడాది మొదట్లో న్యూయార్క్ టోర్నమెంట్‌లో కాపబ్లాంకా ఒక్క ఆటా ఓడకుండా మొదట నిలిచాడు, అలెఖిన్‌ది రెండో స్థానం.

కాపబ్లాంకాది కథలుగా చెప్పుకునే ప్రతిభ. హవానాలో నాలుగేళ్ళ వయసులో, నాన్న ఆడుతుంటే పక్కన నిలబడి చూసి ఆట నేర్చేసుకున్నాడంటారు. 1921లో లాస్కర్ నుంచి టైటిల్ గెలిచినప్పుడు ఒక్క ఆటా పోగొట్టుకోలేదు. 1916 నుంచి 1924 దాకా అసలు ఓటమే లేదు. అలాంటివాణ్ని చూస్తే మనం దండమైనా పెడతాం, "మనవల్ల కాదులే" అనైనా అనుకుంటాం. రెంటి ఫలితమూ ఒకటే. అక్కడితో చదవడం ఆగిపోతుంది.

అలెఖిన్ ఆగలేదు. కాపబ్లాంకా ఆటల్ని ముందరేసుకుని, లెక్కలు తనిఖీ చేసే ఆడిటర్‌లా ఒక్కో ఎత్తూ చదివాడు. గెలిచిన ఆటల్లోనూ తప్పులు వెతికాడు. ఏం దొరికిందో తర్వాత న్యూయార్క్ టోర్నమెంట్ పుస్తకంలో తనే రాశాడు: ఛాంపియన్ తన సహజజ్ఞానాన్ని అతిగా నమ్ముతున్నాడు; అన్నిటికన్నా మంచి ఎత్తు కోసం వెతక్కుండా, మంచిగా తోచిన ఎత్తుతో సరిపెట్టుకుంటున్నాడు. ఎదురుగా గట్టివాడు కూర్చునేదాకా ఈ తేడా బయటపడదు.

ఇది హోమ్‌వర్క్‌లో సగమే. మిగతా సగం తన మీద తను చేసుకోవాల్సింది. అలెఖిన్ అంటే మెరుపు దాడులు, త్యాగాలు. బ్యూనస్ ఎయిర్స్‌లో వాటిని చాలావరకు పక్కన పెట్టాడు. డ్రాలు లెక్కలోకి రావు, ముందు 6 ఆటలు గెలిచినవాడిదే టైటిల్. అంటే ఓపిక పరీక్ష. మొత్తం 34 ఆటల్లో 32 ఒకే రకం ఆరంభంతో, క్వీన్స్ గాంబిట్ డిక్లైన్డ్‌తో నడిచాయి. మొదటి ఆట నల్లపావులతో గెలిచినా, ఏడో ఆట అయ్యేసరికి అలెఖిన్ 1-2తో వెనకబడ్డాడు. తర్వాత 11, 12 ఆటలు వరసగా గెలిచాడు. చివరి ఆటలో మిగిలింది ఒక బంటు ఎక్కువున్న ఏనుగుల ముగింపు. ముగింపులంటే కాపబ్లాంకాకి సొంతిల్లు లాంటివని లోకం నమ్మకం. ఆట వాయిదా పడ్డాక ఆయన మళ్ళీ బల్ల దగ్గరికి రాలేదు. ఓటమి ఒప్పుకుంటూ ఉత్తరం పంపాడు. గెలుపులు 6-3, డ్రాలు 25.

ఆ తర్వాతి సంగతి అంత ముచ్చటైనది కాదు. మళ్ళీ ఆడదామని కాపబ్లాంకా అడిగాడు. షరతుల మీద, డబ్బు మీద ఏళ్ళ తరబడి బేరాలు నడిచాయి. రెండో మ్యాచ్ మాత్రం ఎప్పుడూ జరగలేదు. అంత చదివి గెలిచినవాడు అదే పరీక్ష మళ్ళీ రాయలేదన్నది ఆ గెలుపు పక్కన చిన్న మరకలా ఉండిపోయింది.

ఇవాళ ఆట అయిన మరుక్షణం ఫోన్‌లో ఇంజిన్ మన తప్పుకి ఎర్రగుర్తు పెట్టి చూపిస్తుంది. దాన్ని చూసి, "అయ్యో" అనుకుని, ఇంకో ఆట మొదలుపెడతాం. ఏ ఎత్తు తప్పో ఇంజిన్ చెబుతుంది. మంచిగా తోచిన ఎత్తు దగ్గరే మనం ఎందుకు ఆగిపోయామో చెప్పదు. అలెఖిన్ చదివింది అదే. అది ఇప్పటికీ బోర్డు ముందరేసుకుని మనమే చూసుకోవాలి.