సలహాదారులు కావలెను

మా మరిది రాప్తాడులో బడిపంతులు. మాట మెత్తన, పట్టు గట్టి. కిందటి వేసవిలో ఒకరోజు పొద్దున్నే అనంతపురంలో మా ఇంటికి వచ్చాడు. కాఫీ తాగి, గ్లాసు పక్కన పెట్టి, చేతిసంచిలోంచి జాగ్రత్తగా ఓ కాగితం తీశాడు. తనూ, స్నేహితులు నలుగురూ కలిసి ఊళ్ళో చూసేవాళ్ళు లేని ముసలివాళ్ళకు రోజూ ఒకపూట అన్నం పెట్టాలని చిన్న ట్రస్టు పెడుతున్నారట. ఆ కాగితం ట్రస్టు లెటర్‌హెడ్డు నమూనా.

ఎడమవైపు 'సలహాదారులు' అని రాసి, కింద వరసగా పేర్లు. ఒక రిటైర్డు ఇంజనీరు, ఒక డాక్టరు, ఒక ప్లీడరు, ఒక ఆడిటరు. ఒక్కొక్కరి పేరు వెనకాల రైలుపెట్టెల్లాగా డిగ్రీలు. అన్నిటికన్నా అడుగున నా పేరు. పక్కన 'బి.ఏ., నవలా రచయిత్రి' అని వుంది.

"ఇదేమిటయ్యా! ఇంజనీరు షెడ్డు వేయిస్తాడు. డాక్టరు ముసలివాళ్ళేం తినాలో చెబుతాడు. ప్లీడరు దస్తావేజులు, ఆడిటరు లెక్కలు. నన్నేం చెప్పమంటావు? కథ చెప్పనా?" అన్నాను.

"నువ్వుంటే బాగుంటాది వదినా. కాదనాకు," అని సంచీ భుజాన వేసుకుని బస్సుకి వెళ్ళిపోయాడు.

నవ్వి వూరుకుందామనుకున్నాను. కానీ ఆ కాగితం బల్లమీదే వుండిపోయింది. ఒకడి ఆకలి గురించి సలహా చెప్పడానికి ఎవరికి అర్హత వుంటుంది? ఏం చదివితే ఆ అర్హత వస్తుంది? కరువు మీద నవల రాద్దామని ఎప్పుడో పోగుచేసి, రాయలేక అటకెక్కించిన కాగితాలు నా దగ్గరున్నాయి. ఆ రాత్రి వాటిని దించాను. ఈసారి కరువు కోసం కాదు, కరువులో సలహాలు చెప్పిన పెద్దమనుషులు ఎవరెవరా అని చూశాను.

మన వైపు ముసలివాళ్ళ నోట ఇప్పటికీ వినబడే పేరు ధాత కరువు. 1876లో మొదలై 1878 దాకా సాగింది. అప్పటికి అనంతపురం జిల్లా లేదు. 1882లో విడదీసేదాకా మనమంతా బళ్ళారి జిల్లా వాళ్ళం. వానలు లేవు, చెరువులు ఎండాయి, ధాన్యం ధరలు మండాయి. ప్రభుత్వం రోడ్డుపనులూ చెరువుపనులూ పెట్టి, కూలి ఇచ్చి జనాన్ని బతికించాలని చూసింది. ఆ కూలి ఎంతుండాలి? అక్కడే వచ్చింది అసలు తగవు.

వైస్రాయి లిట్టన్ 1877 జనవరిలో సర్ రిచర్డ్ టెంపుల్ అనే ఆయన్ని మద్రాసు రాజధానికి కరువు ప్రతినిధిగా పంపాడు. ఆయన సివిల్ సర్వీసు అధికారి. అంతకుముందు వైస్రాయి కౌన్సిల్లో ఆర్థిక వ్యవహారాలు చూశాడు, బెంగాల్‌కు లెఫ్టినెంట్ గవర్నరుగా చేశాడు. చిత్రమేమిటంటే, ఇదే టెంపుల్ 1874లో బీహారు కరువులో బర్మా బియ్యం దిగుమతి చేయించి, ధారాళంగా ఖర్చుపెట్టి, ఎంతోమందిని నిలబెట్టాడు. ప్రాణాలు దక్కాయి గాని, డబ్బు దుబారా చేశాడని పైవాళ్ళు చీవాట్లు పెట్టారు. వాతపడిన పిల్లి పాలగిన్నె దగ్గరకు పోనట్టు, మన దగ్గరకు వచ్చేసరికి ఆయన చెయ్యి ముడుచుకుపోయింది. పనికి వచ్చిన మగమనిషికి రోజుకు ఒకటిన్నర పౌను ధాన్యం లెక్కన ఇస్తున్న కూలిని ఒక్క పౌనుకు దించమన్నాడు. ఇవ్వాళ్టి తూకంలో సుమారు 450 గ్రాములు. పైన కాసిని చిల్లర డబ్బులు. దీన్నే తర్వాత 'టెంపుల్ కూలి' అన్నారు. ఎండలో రాళ్ళు కొట్టేవాడికి రోజంతటికీ అది!

ఆ సలహాను గట్టిగా ఎదిరించినవాడు ఒక డాక్టరు. పేరు విలియం కార్నిష్. మద్రాసు రాజధానికి శానిటరీ కమిషనరు. 1871లో మద్రాసు రాజధాని జనాభా లెక్కల నివేదిక తయారుచేసిందీ ఆయనే. అంటే ఈ జనాన్ని తల తలా లెక్కపెట్టించినవాడు. కష్టం చేసే మనిషికి ఒక్క పౌను గింజలు చాలవు, పప్పూ కూరగాయలూ కూడా కావాలి అన్నాడు. జైల్లో ఖైదీలకు పెట్టే తిండితో పోల్చి చూపించాడు. నేరం చేసినవాడికి దొరికేపాటి తిండి, నేరమేమీ చేయక వానలు పడక వీధిన పడ్డవాడికి దొరకడంలేదని తేలింది. టెంపుల్ దీన్ని ప్రయోగం అన్నాడు. పైనుంచి వచ్చిన ప్రయోగం గనక కొన్ని నెలలు సాగింది. 1877లోనే మద్రాసు ప్రభుత్వం దాన్ని వదిలి కూలి పెంచింది. ఆ కొన్ని నెలల్లో ఎందరు రాలిపోయారో! కరువు మొత్తం మీద బ్రిటిషు ఏలుబడిలోని ప్రాంతాల్లోనే యాభై లక్షల మందికి పైగా పోయారని తర్వాత ప్రభుత్వం వేసిన కమిషనే అంచనా కట్టింది.

టెంపుల్ చెడ్డవాడని చెప్పను. ఆయన ముందు కరువులో పడ్డ మాట ఆయన వెంట మద్రాసు దాకా వచ్చింది. సలహాదారుడి వెనక చదువొక్కటే వుండదు, పాత దెబ్బలు కూడా వుంటాయి. వాటిని ఏ లెటర్‌హెడ్డు మీదా అచ్చువెయ్యరు.

అదే సమయంలో మద్రాసులో ఓ పత్రికా సంపాదకుడుండేవాడు, విలియం డిగ్బీ. 'మద్రాస్ టైమ్స్' నడిపేవాడు. ఇంగ్లండు ప్రజల నుంచి చందాల రూపంలో వచ్చిన కరువు నిధికి మద్రాసులో కార్యదర్శిగా పనిచేశాడు. ఆ నిధిలో ఎక్కువ భాగాన్ని దేనికి వాడారో చూస్తే నాకు ముచ్చటేసింది. విత్తనాలకు, ఎద్దులకు, పడిపోయిన గుడిసెలు మళ్ళీ కప్పుకోవడానికి. అంటే ఈ రోజు ఆకలి తీరాక రేపు ఈ మనిషి ఎలా నిలబడతాడని ఆలోచించారన్నమాట.

ఇక కరువంతా అయ్యాక, ఇలాంటిది మళ్ళీ వస్తే ఏం చెయ్యాలో చెప్పడానికి 1878లో ఓ కమిషన్ వేశారు. 1880లో వచ్చిన దాని నివేదిక మీదే ఆ తర్వాతి కరువు నిబంధనలన్నీ నిలబడ్డాయి. అధ్యక్షుడు రిచర్డ్ స్ట్రాచీ, సైన్యంలో ఇంజనీరు. ఇంగ్లండు నుంచి పిలిపించిన జేమ్స్ కెయిర్డ్, వ్యవసాయ నిపుణుడు. హెచ్.ఎస్. కన్నింగ్‌హామ్, అంతకుముందు మద్రాసులో అడ్వకేట్ జనరల్, అప్పటికి కలకత్తా హైకోర్టు జడ్జి. ఇంజనీరూ ప్లీడరూ వున్నారు, మా మరిది జాబితా లాగే వుందే అనుకుంటూ పేజీ తిప్పబోయి ఆగాను. ఈ కన్నింగ్‌హామ్ దొర నవలాకారుడు కూడా! ధాత కరువుకు ముందు ఏడాదే, 1875లో, మనదేశంలోని ఇంగ్లీషు దొరల జీవితం మీద ఆయన నవల అచ్చయింది.

చెప్పొద్దూ, ఒక్క క్షణం గర్వపడ్డాను. కరువు కమిషన్లో మా కులం వాడొకడున్నాడు గదా అని. మరుక్షణమే ఆ గర్వం చల్లారింది. ఆ పెద్దల్లో ఇంజనీరున్నాడు, జడ్జి వున్నాడు, నవలాకారుడున్నాడు. బళ్ళారి జిల్లా రైతు ఒక్కడూ లేడు. టెంపుల్ కూలి మీద బతకడానికి ప్రయత్నించిన మనిషి ఒక్కడూ ఆ బల్ల దగ్గర కుర్చీ వేసుకుని కూర్చోలేదు. వాళ్ళు సాక్ష్యాలు సేకరించారు, నిజమే. కానీ సాక్షి వేరు, సలహాదారు వేరు.

ధాత కరువుకు పదేళ్ళ ముందు, 1866 కరువులో, కర్నూలు వైపు ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డి తన గాదెలు తెరిచి వేలమందికి గంజి పోయించాడు. విక్టోరియా రాణి ఆయనకు బంగారు పతకం పంపింది. ఆయన దగ్గర సలహాదారుల జాబితా వున్నట్టు మనకెక్కడా వినబడదు. ఆకలిగొన్నవాళ్ళు ఆయన గుమ్మంలోనే కూర్చున్నారు. ఏం కావాలో ఎవరో చెప్పవలసిన అవసరం పడివుండదు.

మరి మన కాలంలో? దానికి దూరం పోనక్కరలేదు. అనంతపురంలో ఫాదర్ ఫెర్రర్ పేరు తెలియని పల్లె లేదు. విన్సెంట్ ఫెర్రర్ 1920లో స్పెయిన్ దేశంలోని బార్సిలోనాలో పుట్టాడు. కుర్రతనంలో ఆ దేశపు అంతర్యుద్ధంలో సైనికుడు. తర్వాత న్యాయశాస్త్రం చదువుతూ, అది మధ్యలో వదిలేసి 1944లో జెస్యూట్ సంఘంలో చేరాడు. 1952లో బొంబాయి వచ్చాడు. మహారాష్ట్రలో మన్మాడ్ దగ్గర మెట్టరైతుల చేత బావులు తవ్వించాడు. తవ్వినన్నాళ్ళూ వాళ్ళకు గోధుమలిచ్చాడు. కొందరికి కన్నెర్రయి 1968లో ఆయన్ని దేశం వదిలి పొమ్మన్నప్పుడు వేలాది రైతులు ఆయన కోసం రోడ్డెక్కారు. మరుసటి ఏడు తిరిగివచ్చి, ఎవరూ కోరి రాని మన అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు మొదలుపెట్టాడు. మతగురువుల సంఘం వదిలి 1970లో ఆన్ అనే ఇంగ్లీషు అమ్మాయిని పెళ్ళిచేసుకున్నాడు. ఆమె బొంబాయిలో ఓ వారపత్రికలో విలేకరి.

చూశారా? ఒక మాజీ సైనికుడు, సగం లాయరు, మాజీ మతగురువు, ఇవన్నీ ఒక్క మనిషే. తోడు ఒక విలేకరి. వానలు పడని జిల్లాను బాగుచేయడానికి ఈ అర్హతలు చాలవని ఏ సెలక్షన్ కమిటీ అయినా తిప్పి పంపేస్తుంది. నిజానికి చాలలేదు కూడా. తర్వాత డాక్టర్లొచ్చారు, ఇంజనీర్లొచ్చారు, సేద్యం తెలిసినవాళ్ళొచ్చారు. 2000లో బత్తలపల్లిలో ఆస్పత్రి వెలిసింది. ఫెర్రర్ 2009లో కన్నుమూస్తే ఆ బత్తలపల్లిలోనే సమాధి చేశారు.

కానీ నాకు ఆస్పత్రి కన్నా పెద్దవిగా కనబడేవి రెండున్నాయి. ఒకటి, పల్లెల్లో ఆడవాళ్ళకే తర్ఫీదు ఇచ్చి ఆరోగ్య కార్యకర్తలుగా నిలబెట్టడం. డాక్టరుకు జబ్బు తెలుస్తుంది. ఏ ఇంట్లో కోడలు జబ్బు దాచుకుంటోందో పక్కింటి ఆవిడకు తెలుస్తుంది. రెండోది, కట్టించిన ఇళ్ళను ఇంటి ఆడమనిషి పేర రాయించడం. తాగొచ్చిన మొగుడు బయటికి గెంటితే ఎక్కడికి పోవాలన్న భయం ఎంత పెద్దదో తెలిసిన మనసుకే ఆ ఆలోచన తడుతుంది. ఇంజనీరు ఇల్లు గట్టిగా కడతాడు. అది ఎవరి పేర వుండాలో ఇంజనీరింగు పుస్తకాల్లో వుండదు.

తెల్లారి బస్సెక్కి రాప్తాడు వెళ్ళాను. అప్పటికే మా మరిదివాళ్ళు వారం రోజులుగా గుడి దగ్గర సత్రంలో మధ్యాహ్నం భోజనం పెడుతున్నారు. నలభైమందికి వండితే పదిహేనుమంది కూడా రావడంలేదట. ఎండ ఎక్కువగా వుందని ఇంజనీరుగారు పందిరి వేయించమన్నారు. పప్పు పలుచన చెయ్యమని డాక్టరుగారన్నారు. రెండూ మంచి సలహాలే. రెండూ చేశారు. జనం పెరగలేదు.

జాబితాలో పేరుండీ రాని ఓ అవ్వ ఇంటికి నన్ను తీసుకెళ్ళమన్నాను. ఇంటి ముందు రాతిబండ మీద కూర్చుని శెనక్కాయలు వొలుస్తోంది. నేనూ పక్కన కూర్చుని కాసేపు వొలిచాను. తర్వాత అడిగాను, భోజనానికి ఎందుకు రావడంలేదని. ఎండకా అన్నాను.

"ఎండకేం తల్లీ, ఎండ మనకు చుట్టమే గదా!" అంది. కొంచెంసేపు మాట్లాడలేదు. "నేను పోయి సత్రంలో ఆకు ముందర కూసుంటే ఊరోళ్ళు ఏమంటారు? కొడుకు కూడు పెట్టల్యా, అందుకే ఈడికొచ్చింది అంటారు. వాడు బెంగుళూరులో ఇటుకలు మోస్తాండాడు. వాని మర్యాద తీసి నేను తినల్లా?"

మా మరిది తలొంచుకున్నాడు. మా ఇద్దరికీ ఏం చెప్పాలో తోచలేదు. కొసకు అవ్వే అంది, "పొద్దుగూకినాంక గిన్నెలో పెట్టి పంపిస్తే, ఎవరూ చూడకుండా తింటా. ఒక్క నాకే కాదు, ఈ వీధిలో ఇంకా వుండారు."

సాయంత్రం మాట చీకటి పడ్డాక క్యారియర్లయింది. మొదటిరోజు ఎనిమిది వెళ్ళాయి. పదిరోజులకు ముప్ఫై దాటాయి. ఒక పెద్దాయన మాత్రం ఇప్పటికీ తీసుకోవడంలేదు. ఆయన ఎందుకు వద్దంటున్నాడో ఇంకా తెలియలేదు. మళ్ళీ వెళ్ళి ఆయన గడపలో కూర్చోవాలి.

సలహాదారుగా వుండటానికి ఒప్పుకున్నాను. అయితే నా పేరు మీద ఇంకో పేరు వెయ్యమన్నాను, ఆ అవ్వ పేరు. మా మరిది వెళ్ళి అడిగితే, "నా పేరు కాగితంలో ఎందుకు నాయనా, మళ్ళీ ఊరందరికీ తెలిసిపోతాది," అందట. ఆ మాటా న్యాయమే. అందుకని ఆ గీత ఖాళీగా వుంచి, కిందనే మా పేర్లన్నీ వేశారు. ప్రెస్సువాడు "పైన ఒక పేరు తప్పిపోయినట్టుంది, చూసుకోండి" అని రెండుసార్లు కబురు చేశాడట.