దివాణపు సొత్తు - దేశపు సొత్తు

హైదరాబాదు నగరమున, మూసీనది దక్షిణపు టొడ్డున నున్న సాలార్‌జంగు మ్యూజియములో గంట గంటకు ఒక వేడుక జరుగును. వేరువేరు గదులలో తిరుగుచున్న వారందరును ఒక గడియారము ముందు గుమిగూడుదురు. గడియారములోని చిన్న తలుపు తెరచుకొని యొక బొమ్మ వెలుపలికి వచ్చి, ఎన్ని గంటలైన అన్నిమార్లు గంట కొట్టి మరల లోపలికి పోవును. పండితుడును, పల్లెటూరి రైతును, బడిపిల్లవాడును దానిని ఒకే ఆశ్చర్యముతో చూతురు. ఒకనాడు ఇది ఒక్క దివాణమువారి ముచ్చట. అది అందరిదెట్లయ్యెనో తెలిసికొనదగిన కథ.

నిజాము ప్రభువులకు మంత్రులైన సాలార్‌జంగు వంశమువారు మూడు తరములుగా ఈ వస్తువులను కూర్చిరి. మొదటి సాలార్‌జంగు 1876లో ఐరోపా యాత్ర చేసినప్పుడు రోములో బెంజోనీ యను శిల్పి చెక్కిన రెబెకా విగ్రహమును కొనెను. ఆమె మోముపై పలుచని మేలిముసుగు. దాని వెనుక కనులు, పెదవులు తెలియుచునే యుండును. ముసుగును పాలరాయియే, మోమును పాలరాయియే!

సేకరణలో అధికభాగము మాత్రము మూడవ సాలార్‌జంగు, మీర్ యూసఫ్ అలీఖాను చేసినది. ఆయన 1889లో జన్మించెను. నెల తిరుగకముందే తండ్రి గతించెను. 1912లో ప్రధానమంత్రియై, 1914లో ఆ పదవిని విడిచి, మిగిలిన జీవితమును కళావస్తువులకే అర్పించెను. పారసీక గ్రంథములు, చీనా పింగాణి పాత్రలు, ఐరోపా చిత్రములు, మన కంచు విగ్రహములు, తుదకు పిల్లల ఆటబొమ్మలు సైతము ఆయన ఇల్లు చేరినవి. ఆయన వివాహమాడలేదు. 1949లో మరణించునప్పటికి సంతానము లేదు.

అట్టి సంపద సాధారణముగా ఏమగును? పంపకములలో చీలును, వేలములో నలుదిక్కులకు పోవును. ఇచ్చట అట్లు కాలేదు. ఆనాటి హైదరాబాదు రాష్ట్ర పాలనాధికారి వెల్లోడి దీనిని మ్యూజియముగా నిలుపవలెనని తలచెను. పూర్వము మదనపల్లెలో విద్యాబోధన చేసిన జేమ్స్ కజిన్సు, పలు భవనములలో చెదరియున్న వస్తువులను క్రమపరచు పనికి పూనుకొనెను. 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలో నెహ్రూ దానిని ప్రారంభించెను. అయినను హక్కుల చిక్కు తీరలేదు. 1958లో వారసులు రాజీకి వచ్చి యావత్తు సేకరణమును ప్రజలకు వదలిరి. 1961లో పార్లమెంటు చట్టముచే అది జాతీయ ప్రాముఖ్యముగల సంస్థ యయ్యెను. 1968లో నేటి భవనమునకు చేరెను.

చట్టము హక్కు నీయగలదు, మమకారము నీయలేదు. అది చూపువలన కలుగవలెను. ఒక్కపూటలో అన్ని గదులును చుట్టివచ్చువారికి అలసటయే మిగులును. పిల్లలను వెంట గొనిపోవునప్పుడు ఒక్క గదిని ఎన్నుకొనుడు. బిదరీ పాత్ర ముందు నిలిచి, నల్లని లోహములో వెండితీగ నెట్లు పొదిగిరో వారినే ఊహింపనిండు. కొనినవారి పేరు మ్యూజియము ద్వారముపై నున్నది. ఆ తీగ పొదిగిన చేతుల పేరు ఎచ్చటను లేదు. ఆ పేరులేని పనివానిని ఒక్క నిమిషము తలచుకొన్న బాలునికి ఆ పాత్ర తనదే యగును.

అంతలో గంట కొట్టును. పిల్లలు గడియారము వైపు పరుగిడుదురు. మీరును వెళ్ళుడు. అచ్చట మీ ప్రక్కన నిలిచినవారు ఎవరో మీకు తెలియకపోవచ్చును. కాని మీరందరును ఆ గడియారమునకు వారసులే.